మా ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి వెళ్లట్లేదు, తప్పు నాదేనా?

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏట ఉన్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఐదు పేజీలుంది. తన పేరు, ల్యాబ్ పేరు, ప్రోటీన్ పేరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

వయసు 29. సొంతూరు చీరాల దగ్గర. ఆమె చేతిలో ఉన్న ప్రోటీన్ బరువు 72 కిలోడాల్టన్లు. అది కణంలోని న్యూక్లియస్‌లోకి వెళ్లి కొన్ని జన్యువులను నడిపిస్తుందని గైడ్ ఊహ. గ్రాంటు వచ్చింది కూడా ఆ ఊహ మీదే. ఈ ప్రోటీన్ తోక చివర 20 అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది. అందులో లైసిన్లు, ఆర్జినిన్లు గుంపుగా ఉన్నాయి. న్యూక్లియస్‌లోకి వెళ్లడానికి కావాల్సిన సంకేతం, అంటే ఎన్‌ఎల్‌ఎస్, ఇదేనని సాఫ్ట్‌వేర్ చెప్పింది. మొదటి ఏడాదిలో ఆ ముక్కను పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌కు తగిలించి హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) పెడితే న్యూక్లియస్ పచ్చగా కనపడింది. గైడ్ సంతోషించారు. ఆ బొమ్మ రెండు పోస్టర్లకెక్కింది.

తర్వాత పూర్తి ప్రోటీన్ తోకకు జీఎఫ్‌పీ తగిలించి చూస్తే కథ అడ్డం తిరిగింది. కణమంతా పచ్చగా ఉంది, మధ్యలో న్యూక్లియస్ మాత్రం నల్లటి గుంటలా ఉంది. నూరు కణాలు లెక్కపెడితే 14 కణాల్లోనే న్యూక్లియస్ పచ్చగా ఉంది. ఎన్‌ఎల్‌ఎస్‌లోని లైసిన్లు మార్చిన మ్యూటెంట్ కూడా బయటే ఉంది. రెంటికీ తేడా లేదు. ఏడాదిన్నరగా ఇదే పరిస్థితి. "టెక్నిక్ సరిగ్గా లేదు, వచ్చే నెల మీటింగ్‌కల్లా ఫిగర్ కావాలి" అంటున్నారు సార్. ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన, ఆమె అన్నా అని పిలిచే మనిషి, దారి చూపించాడు: "ఆ పద్నాలుగులో మంచివి మూడు తీసి పెట్టు. కింద రిప్రజెంటేటివ్ ఇమేజ్ అని రాయి. అందరూ చేసేది అదే."

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇంకా ఎన్నాళ్లు చదువు అని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు. ఉత్తరంలో చివరి పేజీ నన్ను పట్టుకుంది. మైక్రోస్కోప్ మెర్క్యురీ ల్యాంప్ ఒకసారి ఆపితే అది చల్లారేదాకా, సుమారు అరగంట, మళ్లీ వెయ్యకూడదు. ఆ అరగంట ఆ చీకటి గదిలోనే కూర్చుని ఏడుస్తున్నానని రాశారు. "ప్రోటీన్ లోపలికి వెళ్లట్లేదా, నాకే పని చేతకాట్లేదా? అన్న చెప్పినట్టు చేసేయనా? లేక వదిలేసి ఇంటికి పోనా?" ఇవీ ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, ప్రోటీన్ ఎక్కడుందన్న ప్రశ్నకూ మీకు పని వచ్చా రాదా అన్న ప్రశ్నకూ మీరు ముడి పెట్టేశారు. ప్రోటీన్ బయట ఉంటే మీ చెయ్యి బాగాలేనట్టు, లోపల ఉంటే బాగున్నట్టు లెక్కేసుకుంటున్నారు. సార్ మాట వినీ వినీ అలా అయిపోయుంటుంది. ఉత్తరంలో మీరు రాసిన వివరాలు చూస్తే నాకు చేతకానితనం కనపడలేదు. నూరు కణాలు వరసగా లెక్కపెట్టి, 14 అని ఉన్నది ఉన్నట్టు రాసినావిడ చెయ్యి బాగానే ఉంది. నాకు అనుమానం వేరేచోట ఉంది. అందరూ సంతోషించిన ఆ మొదటి ఏడాది బొమ్మ మీద.

మిగతా పాఠకుల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. న్యూక్లియస్ చుట్టూ ఉన్న పొరలో రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం సుమారు 30 రకాల ప్రోటీన్లతో, ఎనిమిది ఆకుల చక్రంలా కట్టిన పెద్ద నిర్మాణం. దాని నడుమ ఖాళీగా ఉండదు, దారాల్లాంటి ప్రోటీన్ తీగలు నిండి ఉంటాయి. చిన్న అణువులు ఆ తీగల సందుల్లోంచి వాటంతటవే జారిపోతాయి. బరువు 40 కిలోడాల్టన్లు దాటేకొద్దీ అలా జారడం కష్టమవుతుంది. పెద్ద ప్రోటీన్లకు ఎన్‌ఎల్‌ఎస్ అనే చీటీ ఉండాలి. ఆ చీటీని ఇంపార్టిన్-ఆల్ఫా చదువుతుంది. ఇంపార్టిన్-బీటా ఇద్దర్నీ వెంటబెట్టుకుని తీగల మధ్య నుంచి దాటిస్తుంది. లోపల రాన్ అనే చిన్న ప్రోటీన్, జీటీపీ అనే శక్తినిచ్చే అణువుతో సిద్ధంగా ఉంటుంది. అది వచ్చి తగులుకోగానే బీటా తన సరుకు వదిలేస్తుంది. రాన్‌కు జీటీపీ ఎక్కించే ఎంజైము క్రోమాటిన్‌కు, అంటే ప్రోటీన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏకు, అంటుకుని లోపలే ఉంటుంది, ఆ జీటీపీని విరగ్గొట్టించే ప్రోటీన్ బయట ఉంటుంది. లోపలేదో బయటేదో కణానికి తెలిసేది ఈ తేడాతోనే.

ఇప్పుడు మీ మొదటి బొమ్మ చూద్దాం. జీఎఫ్‌పీ బరువు 27 కిలోడాల్టన్లు. మీ 20 అమైనో ఆమ్లాలు కలిపితే సుమారు 29. అంటే ఏ చీటీ లేకపోయినా అది లోపలికి జారిపోతుంది! ఒట్టి జీఎఫ్‌పీ పెట్టినా హీలా కణంలో న్యూక్లియస్ పచ్చగానే కనపడుతుంది. పైగా గాజు మీద పరుచుకున్న కణం వేయించిన గుడ్డులా ఉంటుంది, న్యూక్లియస్ ఉన్నచోట ఎత్తుగా, అంచుల్లో పల్చగా. మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఆ ఎత్తు మొత్తం నుంచి వచ్చే కాంతిని కలిపి చూపిస్తుంది. ఎత్తున్నచోట ఎక్కువ పచ్చగా కనపడటం సహజం. ఆ బొమ్మ పక్కన ఒట్టి జీఎఫ్‌పీ బొమ్మ పెట్టినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పెట్టి, రెంటికీ తేడా స్పష్టంగా చూసి ఉంటే ఈ పేరా మొత్తం వెనక్కి తీసుకుంటాను. పెట్టకపోతే మాత్రం ఏడాదిన్నరగా మిమ్మల్ని తిప్పలు పెడుతున్నది పూర్తి ప్రోటీన్ కాకపోవచ్చు.

ఇది తేల్చడానికి ఎక్కువ రోజులు పట్టదు. మూడు జీఎఫ్‌పీలు వరసగా కలిపిన ప్లాస్మిడ్ (కణంలోకి జన్యువును మోసుకెళ్లే డీఎన్‌ఏ చక్రం) తెచ్చుకోండి, ఏదో ఒక ల్యాబ్‌లో ఉంటుంది. దాని బరువు 81 కిలోడాల్టన్లు, సొంతంగా జారలేదు. ఒకదానికి మీ 20 అమైనో ఆమ్లాలు తగిలించండి. ఇంకోదానికి ఎస్వీ40 వైరస్‌లోని టీ-యాంటిజన్ అనే పెద్ద ప్రోటీన్ చీటీ తగిలించండి: ప్రోలీన్, మూడు లైసిన్లు, ఆర్జినిన్, లైసిన్, వాలీన్. 1984లో బయటపడ్డ ఈ ఏడక్షరాల చీటీలో ఒక్క లైసిన్ మారిస్తే ఆ పెద్ద ప్రోటీన్ బయటే ఉండిపోయింది. మూడోది ఏమీ తగిలించనిది. ఈ మూడూ ఒకే రోజు, ఒకే కణాల్లో పెట్టండి.

మీ ముక్క మూడు జీఎఫ్‌పీలను లోపలికి లాక్కెళ్తే చీటీ నిజమైనదే, ఇక పూర్తి ప్రోటీన్‌లో దానికి ఏం అడ్డుపడుతోందో వెతకాలి. లాక్కెళ్లకపోతే గ్రాంటు నిలబడ్డ మొదటి మెట్టే కదులుతుంది. సార్‌కు ఆ వార్త చెప్పడం తేలిక కాదు, తెలుసు. కానీ అదే వార్త రేపు వైవాలో బయటి పరీక్షకుడి నోటి వెంట రావడం ఇంకా కష్టం. "జీఎఫ్‌పీ అలోన్ ఎక్కడమ్మా?" అని అడగడానికి ఆయనకు అర నిమిషం చాలు.

చీటీ నిజమైనదని తేలిందే అనుకుందాం. అయినా పూర్తి ప్రోటీన్ బయటే ఎందుకు కనపడుతోంది? ఇక్కడ మీరు, సార్, అన్న ముగ్గురూ ఒకే మాట వాడుతున్నారు: "వెళ్లట్లేదు". ఆ మాట మీ బొమ్మ చెప్పలేదు. మధ్యాహ్నం రెండింటికి మీ ఇంటి గుమ్మం ఫొటో తీస్తే అందులో పాలబ్బాయి కనపడడు. అంతమాత్రాన మీ ఇంటికి పాలు రావట్లేదని కాదు. మీ ప్రోటీన్ లోపలికి వెళ్లి వెంటనే బయటికి వచ్చేస్తుంటే కూడా న్యూక్లియస్ నల్లగానే ఉంటుంది. వెళ్లకపోవడం, వెళ్లి ఉండకపోవడం బొమ్మలో ఒక్కలాగే కనపడతాయి.

బయటికి రావడానికీ చీటీలున్నాయి. లూసిన్లు ఎక్కువగా ఉండే చీటీని సీఆర్‌ఎమ్1 అనే ప్రోటీన్ చదివి బయటికి తీసుకొస్తుంది. లెప్టోమైసిన్-బీ అనే మందు ఆ సీఆర్‌ఎమ్1ను కట్టిపడేస్తుంది. నానోమోలార్ మోతాదు, అంటే అతి కొంచెం, చాలు. మీ కణాలకు అది ఇచ్చి రెండు మూడు గంటలాగి చూడండి. న్యూక్లియస్ పచ్చబడితే మీ ప్రోటీన్ ఇన్నాళ్లూ రాకపోకలు సాగిస్తూనే ఉందన్నమాట, థీసిస్‌కు కొత్త అధ్యాయం దొరికినట్టే. పచ్చబడకపోతే మాత్రం తొందరపడి "అసలు వెళ్లదు" అని రాయకండి, బయటికి తెచ్చేవాళ్లు సీఆర్‌ఎమ్1 ఒక్కరే కాదు. మందు పని చేసిందని చూపడానికి రాన్‌బీపీ1 అనే ప్రోటీన్‌ను పక్కన పెట్టుకోండి. మామూలుగా అది బయట ఉంటుంది, ఈ మందు ఇస్తే లోపల పోగుపడుతుంది. మందు ఖరీదు ఎక్కువే. పక్క ల్యాబ్‌లో కొన్ని మైక్రోలీటర్లు అడుక్కోవడంలో సిగ్గేమీ లేదు, మా రోజుల్లో మేం రెస్ట్రిక్షన్ ఎంజైములే అడుక్కునేవాళ్లం.

ఈ తికమక మీ ఒక్కరిదే అనుకోకండి. ఈ రంగం మొదలైందే ఈ ప్రశ్నతో. న్యూక్లియస్‌లో ఒక ప్రోటీన్ పోగుపడుతోందంటే ఎంచి లోపలికి రానిస్తున్నారా, లేక అన్నీ వచ్చిపోతుంటే కొన్నింటిని మాత్రం లోపల పట్టి ఉంచుతున్నారా? 1982లో డింగ్‌వాల్, లాస్కీ బృందం కప్ప అండకణాల్లో నూక్లియోప్లాస్మిన్ మీద దీన్ని తేల్చింది. అది ఐదు ముక్కలు కలిసిన ప్రోటీన్, ఒక్కో ముక్కకు ఒక తోక. తోకలన్నీ కత్తిరించి మిగిలిన మొండాన్ని కణద్రవ్యంలోకి సూదితో ఎక్కిస్తే న్యూక్లియస్‌లోకి వెళ్లలేదు. ఐదింటిలో ఒక్క తోక మిగిల్చినా మొత్తం వెళ్లింది. మరి ఆ తోకల్లేని మొండాన్నే తిన్నగా న్యూక్లియస్‌లోకి ఎక్కిస్తే? లోపలే ఉండిపోయింది. అంటే తోక పని లోపలికి తీసుకెళ్లడం వరకే, పట్టి ఉంచడం కాదు. ఆ సూది మొనను ఒకసారి బయట, ఒకసారి లోపల దించడంతోనే రెండు ప్రశ్నలూ విడిపోయాయి. మీ బెంచ్ మీద అలా విడదీసే ప్రయోగం ఇంకా జరగలేదు.

ఇంకో సంగతి, జీఎఫ్‌పీని మీరు తోక చివర తగిలించారు. చీటీ ఉన్నదీ అక్కడే. ప్రోటీన్ చేరాల్సిన చోటు ప్రోటీన్‌లోనే రాసి ఉంటుందని చూపినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ ఇచ్చారు, నిజమే. కానీ ఇన్‌లాండ్ లెటర్‌ను తిరగేసి మడిచి అతికిస్తే అడ్రసు ఉండీ లాభం లేదు, పోస్ట్‌మ్యాన్‌కు కనపడాలి కదా. 27 కిలోడాల్టన్ల పీపా లాంటి జీఎఫ్‌పీ పక్కనే కూర్చుంటే ఇంపార్టిన్‌కు ఆ ముక్క అందకపోవచ్చు. జీఎఫ్‌పీని తల వైపుకి మార్చండి. వీలైతే జీఎఫ్‌పీ తీసేసి చిన్న ట్యాగ్ పెట్టి యాంటీబాడీతో కూడా చూడండి. క్లోనింగ్‌కు, అంటే ఆ కొత్త ప్లాస్మిడ్లు కట్టడానికి, రెండు వారాలు పోతాయి, పోనివ్వండి.

జీఎఫ్‌పీ వల్ల కాకపోతే కణమే ఆ చీటీని దాచిపెట్టి ఉండొచ్చు. జన్యువులను నడిపే ఎన్ఎఫ్-కప్పాబీ అనే ప్రోటీన్ సంగతి మీకు తెలుసు. ఐకప్పాబీ అనే ఇంకో ప్రోటీన్ దాని చీటీని మూసి పట్టుకుంటుంది, టీఎన్ఎఫ్ అనే వాపు కబురు తగిలితే ఐకప్పాబీ నాశనమై, అరగంటలో పీ65 (ఎన్ఎఫ్-కప్పాబీలో ఒక ముక్క) లోపల ఉంటుంది. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ హార్మోన్ కోసం బయట కాచుకుని ఉంటుంది. ఎన్‌ఫాట్ అనే ప్రోటీన్‌కు కణంలో కాల్షియం పెరగాలి, దాని మీది ఫాస్ఫేట్లు కాల్సిన్యూరిన్ అనే ఎంజైము ఊడబెరికితే గానీ కదలదు. ఏ కబురూ అందని హీలా కణంలో ఈ మూడింటిలో ఏది చూసినా మీ బొమ్మ లాంటి బొమ్మే వచ్చేది, "టెక్నిక్ సరిగ్గా లేదు" అన్న మాట వచ్చేది. మీ ప్రోటీన్‌కు కబురేమిటో నాకు తెలీదు. సార్ ఊహలో అది ఏ సందర్భంలో జన్యువులను నడపాలి? ఆ సందర్భం మీ డిష్‌లో ఉందా? ఈ ప్రశ్న ఆయన్నే అడగండి. ఊహ ఆయనది కాబట్టి జవాబు ఆయనే బాగా చెప్పగలరు, పైగా మాట మీ టెక్నిక్ మీది నుంచి ప్రోటీన్ మీదికి మళ్లుతుంది.

ఇక ఆ 14 కణాలు. అన్న వాటిని ఫిగర్‌కు పనికొచ్చే కణాలుగా చూశాడు. మీరేమో మోసపుచ్చే కణాలని మొహం తిప్పుకున్నారు. ఇద్దరూ వాటిని సరిగ్గా చూడలేదని నా అనుమానం. అవి ఎవరో చూడండి. పక్కపక్కనే జంటలుగా, చిన్నచిన్నగా ఉన్నాయా? అయితే అప్పుడే విభజన అయిన కణాలు కావచ్చు. విభజనప్పుడు న్యూక్లియస్ పొర విడిపోయి మళ్లీ కట్టుకుంటుంది, ఆ వేళ ప్రోటీన్ ఎక్కడుందన్నది వేరే కథ. మిగతావాటికంటే విపరీతంగా పచ్చగా ఉన్నాయా? అతిగా తయారైన ప్రోటీన్‌ను నమ్మలేం. డీఎన్‌ఏకు పట్టే డీఏపీఐ రంగు వేస్తే న్యూక్లియస్ నీలం ముద్దలు కట్టి, ముడుచుకుపోయి ఉందా? అవి చచ్చిపోతున్న కణాలు, వాటి తలుపులు ఎప్పుడో ఊడిపోయాయి. ఇవేవీ కాక ఆరోగ్యంగా కనపడితే కణచక్రంలో ఒకానొక దశలోనే మీ ప్రోటీన్ లోపలికి వెళ్తోందేమో! ఆ 14 శాతమే మీ అసలు ఫలితం కావచ్చు. మూడు కణాలు ఏరి "రిప్రజెంటేటివ్" అని రాస్తే, ఈ ప్రశ్న అడిగే అవకాశం మీ చేతులతో మీరే మూసేసినట్టు.

అన్న మాటకు నా జవాబు ఇందులోనే ఉంది గానీ, దాని పర్యవసానం కూడా చెప్పాలి. ఆ ఫిగర్ వేస్తే వచ్చే నెల మీటింగ్ ప్రశాంతంగా గడుస్తుంది. ఆ తర్వాత ఎవరైనా "మ్యూటెంట్ చూపించు" అంటారు. మ్యూటెంట్‌కూ దానికీ తేడా లేదు కాబట్టి మ్యూటెంట్‌లో బయట ఉన్న కణాలు ఏరాలి. తర్వాత జూనియర్ ఎవరో మీ ఫిగర్ నమ్ముకుని రెండేళ్లు పోగొట్టుకుంటారు. నూరింటికి 14 అని మీ నోట్‌బుక్‌లో మీ చేతిరాతలోనే ఉంది. దాన్నేం చేస్తారు? అన్న చెడ్డవాడని అనను. అలా ఏరి ఏరి బయటపడ్డవాడేమో, చెల్లెలికి తను తప్పించుకున్న దారే చూపించాడు.

దీనికి బదులు అన్ని కణాల్లోనూ లోపలి పచ్చదనానికీ బయటి పచ్చదనానికీ నిష్పత్తి కొలిచి, చుక్కలుగా గ్రాఫ్ వెయ్యండి. స్లైడు మీది పేరు స్నేహితురాలితో మూయించి లెక్కపెట్టండి. కన్ఫోకల్ (ఒక్కో పొరను విడిగా చూపే మైక్రోస్కోప్) దొరికితే న్యూక్లియస్ మధ్యగా ఒక్క పొర తీసుకోండి, పైనా కిందా ఉన్న కణద్రవ్యం పచ్చదనం కలవదు.

సార్ దగ్గరికి ఎలా వెళ్లాలి? బొమ్మ రాలేదని మాత్రం వెళ్లకండి. ఒక కాగితం పట్టుకెళ్లండి, అందులో మూడే ప్రయోగాలు: మూడు జీఎఫ్‌పీల కంట్రోల్, లెప్టోమైసిన్, తల వైపు జీఎఫ్‌పీ. ఒక్కోదాని కింద, ఇలా వస్తే ఇది, అలా వస్తే అది అని రెండు లైన్లు. ఆరు వారాలు అడగండి. ఆయన ఒప్పుకుంటే మీటింగ్‌లో చూపించడానికి ఫిగర్ లేకపోయినా ప్లాన్ ఉంటుంది. ఒప్పుకోకపోతే మీకు అడ్వైజరీ కమిటీ ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్ దాని ముందు మీ పని వినిపించాలి. అక్కడ అదే కాగితం, అవే మాటలు చెప్పొచ్చు. దీనికో ఖరీదుంది: ముందు సార్‌కు చెప్పకుండా కమిటీలో చెబితే ఆయన పరువు పోయిందనుకుంటారు, మిగిలిన రోజులు ల్యాబ్‌లో ఇబ్బందిగా గడుస్తాయి. "సార్, కమిటీలో ఈ కంట్రోల్ గురించి అడుగుతారేమో, ముందే చూసి పెట్టుకుందాం" అంటే ఎదిరించినట్టుండదు, అబద్ధమూ కాదు.

మూడు ప్రయోగాలూ అయ్యాక కూడా ప్రోటీన్ బయటే ఉంటే? అప్పుడు అది చాలావరకు బయటే ఉండే ప్రోటీన్ కావచ్చు. బయట ఏం చేస్తోందన్నది థీసిస్ ప్రశ్న అవుతుంది. గ్రాంటు దారి నుంచి పక్కకు వెళ్లాలి, కాలం పడుతుంది, సార్ ఉత్సాహం తగ్గొచ్చు. బయట ఉండిపోవడమే అసలు సంగతి అయిన సందర్భాలూ ఉన్నాయి. కండరాలను నడిపే నాడీకణాలు చచ్చిపోయే ఏఎల్ఎస్ జబ్బు ఉన్న కొన్ని కుటుంబాల్లో ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ జన్యువులో మార్పులున్నాయని 2009లో బయటపడింది. ఆ మార్పుల్లో చాలావరకు తోకలోని చీటీ దగ్గరే ఉన్నాయి. న్యూక్లియస్‌లో ఉండాల్సిన ప్రోటీన్ బయట ఉండిపోయి ముద్దలు కడుతోంది. మీదీ అంతటిదని అనట్లేదు.

వదిలేయడం గురించి అడిగారు. వదిలేయడం తప్పేం కాదు, వదిలేసి బాగా బతుకుతున్న నా విద్యార్థులున్నారు. కానీ మీరు వదిలేద్దామనుకుంటున్న కారణం "నాకు చేతకాదు" అన్నది, అది ఇంకా రుజువు కాలేదు. ఆ ఆరు వారాలు చూశాక, ఈ పనే నచ్చట్లేదని అనిపిస్తే అది వేరే కారణం, దానికి నేను అడ్డు చెప్పను. టైము సంగతికొస్తే, అదే నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఇవ్వడానికి వీలుంది. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకు ఆగుతుంది కాబట్టి చేతిలో డబ్బు ఎన్నాళ్లుందో ఈ వారమే కాగితం మీద వేసుకోండి.

నాన్నగారికి "ఇంకా తెలీదు నాన్నా" అని చెబుతున్నట్టున్నారు. ఆ జవాబు ఆయన్ను ఇంకా భయపెడుతుంది. ఆరు వారాల తర్వాతి ఒక తేదీ చెప్పి, "ఆ రోజు నేనే ఫోన్ చేసి ఎంత కాలం పడుతుందో చెప్తా, అప్పటిదాకా సంబంధాల మాట ఆపండి" అనండి. ఆ రోజు మాత్రం తప్పకుండా ఫోన్ చెయ్యండి.

ఒట్టి జీఎఫ్‌పీ ప్లాస్మిడ్ మీ ఫ్రీజర్‌లోనే ఉండుంటుంది, డబ్బా మీద ఎవరి చేతిరాతో చెరిగిపోయి ఉంటుంది. ముందు అది వెతకండి. ఇంకో మాట: ల్యాంప్ చల్లారేదాకా గదిలో ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. రిజిస్టర్‌లో ఆపిన టైము రాసి, తలుపు మీద చీటీ అంటించి, క్యాంటీన్‌కు వెళ్లి టీ తాగి రండి.